నేలా, నేర్పా? స్కాచ్, జపాన్ విస్కీల రుచిపై ఒక సంవాదం

విస్కీ ధాన్యం నుంచి పుట్టే మద్యం. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి, మొలక ముదరకముందే ఎండబెట్టి, మరపట్టి, వేడినీటిలో కలిపి తీపి ద్రవం తీసి, దాన్ని ఈస్టుతో పులియబెట్టి, పులిసిన ద్రవాన్ని స్వేదనం చేసి, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చి మళ్లీ ద్రవంగా పట్టి, అలా వచ్చిన రంగులేని స్పిరిట్‌ను ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి నిల్వ ఉంచితే విస్కీ తయారవుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతో మాత్రమే చేసినది సింగిల్ మాల్ట్. గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలతో చేసిన గ్రెయిన్ విస్కీని మాల్ట్ విస్కీతో కలిపితే వచ్చేది బ్లెండెడ్ విస్కీ. స్కాట్లండ్‌లో మాల్ట్ నుంచి మద్యం తీసినట్టు 1494 నాటి రాజ ఖజానా పద్దుల్లోనే నమోదై ఉంది. జపాన్‌లో ఇందుకోసం కట్టిన తొలి మాల్ట్ డిస్టిలరీ, క్యోటో నగరానికి దగ్గరలోని యమజాకి, 1923లో మొదలైంది.

ఈ రెండు దేశాల విస్కీలను పక్కపక్కన పెట్టి రుచి చూసేవారి మధ్య చాలాకాలంగా నడుస్తున్న వాదం ఒకటుంది. రుచి నేల నుంచి పుడుతుందని, ఆ నేలలోని నీరు, గాలి, మట్టి, తరతరాల అలవాటు లేనిచోట ఆ రుచి రాదని ఒక పక్షం అంటుంది. రుచి మనిషి నేర్పు నుంచి పుడుతుందని, శ్రద్ధగా నేర్చుకున్నవాడు దాన్ని ఎక్కడైనా సాధించగలడని రెండో పక్షం అంటుంది. ఈ సంవాదంలో మొదటి పక్షం వహించిన మాస్టారు విజయవాడలో రసాయన శాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడు; రెండో పక్షం వహించిన ఇంజనీరు వాణిజ్య నౌకల్లో ఇంజన్ల మధ్య జీవితం గడిపి వచ్చినవాడు. ఇద్దరూ ఇబ్రహీంపట్నం వాస్తవ్యులు, వియ్యంకులు, కనుక ఒకరినొకరు బావగారని పిలుచుకుంటారు. స్కాట్లండ్, జపాన్ మద్యాల గురించిన వాదానికి కృష్ణా తీరంలోని ఈ ఊరు ఎందుకు వేదిక అయిందో సంవాదం చివరి భాగంలో తేటపడుతుంది.

మాస్టారు: విస్కీ రుచి గురించి మాట్లాడేటప్పుడు ముందు పీట్ గురించి చెప్పుకోవాలి, బావగారూ. తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకుంటే ఏర్పడే నల్లని మట్టి అది. కోసి ఎండబెడితే వంటచెరకుగా మండుతుంది. చెట్లు తక్కువైన స్కాట్లండ్ పడమటి దీవుల్లో చలి కాచుకోవడానికైనా, మాల్ట్ ఎండబెట్టడానికైనా అదే దిక్కు. ఆ పొగలోని ఫినాల్ జాతి పదార్థాలు, అంటే గ్వాయకాల్, క్రెసాల్ వంటివి, తడి గింజకు పట్టుకుని, పులియబెట్టినా స్వేదనం చేసినా వదలకుండా చివరికి గ్లాసు దాకా వస్తాయి. ఐలా దీవిలో తయారయ్యే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లగవులిన్ విస్కీల్లో ఆసుపత్రి వాసనను, సముద్రపు నాచును, పొగను తలపించే గుణం అలా వచ్చిందే. ఆ దీవి, ఆ మట్టి, ఆ పేదరికం లేకపోతే ఆ రుచి ఎవరూ కోరి కనిపెట్టేది కాదు. అందుకే స్కాట్లండ్ తన విస్కీని ప్రాంతాల పేర్లతో గుర్తిస్తుంది: హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంబెల్‌టౌన్ అనే ఐదు పేర్లకు 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు చట్టబద్ధమైన రక్షణ ఇచ్చాయి. నేలకు విలువ లేకపోతే చట్టం ఆ పేర్లకు కాపలా కాయవలసిన అవసరమేముంది?

ఇంజనీరు: చట్టం కాపలా కాస్తున్నది పేర్లకు, మట్టికి కాదు, బావగారూ. అదే 2009 నిబంధనల్లో బార్లీ స్కాట్లండ్‌లోనే పండాలన్న షరతు లేదు. ఇంగ్లండ్‌లో పండినా, మరోచోట పండినా చెల్లుతుంది. ఇక పీపాల సంగతి చూడండి. రంగులేని స్పిరిట్‌కు బంగారు రంగును, వెనిలా తీపిని, మసాలా ఘాటును ఇచ్చేది ఓక్ చెక్క. అమెరికాలో బర్బన్ విస్కీకి లోపల కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలన్న నియమం ఉంది కనుక, ఒకసారి వాడిన పీపాలు అక్కడ మిగిలిపోయి స్కాట్లండ్‌కు తరలివస్తాయి. ద్రాక్షతో చేసే షెర్రీ అనే మద్యం నింపిన పీపాలు స్పెయిన్ నుంచి వస్తాయి. గింజ ఒక దేశానిది, చెక్క మరో దేశానిది అయినప్పుడు, గ్లాసులో దొరికే రుచిలో పెద్ద వాటా స్కాట్లండ్ మట్టిదని ఎలా అంటారు? ఎప్పుడు ఏ పీపా ఎంచుకోవాలో, స్పిరిట్ ధారలో మొదటి భాగాన్ని, చివరి భాగాన్ని వదిలేసి మధ్య భాగాన్ని ఏ క్షణాన పట్టుకోవాలో తెలిసిన మనిషిదే ఆ రుచి. ఆ తెలివి ఓడెక్కి ప్రయాణం చేయగలదని ఒక జపాన్ యువకుడు నిరూపించాడు.

మాస్టారు: మసతక తకెత్సురు సంగతి ఎత్తబోతున్నారని తెలుస్తూనే ఉంది. చెప్పండి, ఆ కథలోనే మీ వాదానికి జవాబుంది.

ఇంజనీరు: సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే కుటుంబంలో 1894లో పుట్టిన తకెత్సురు 1918లో గ్లాస్గో చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదువుతూ, స్పేసైడ్‌లోని లాంగ్‌మార్న్, క్యాంబెల్‌టౌన్‌లోని హేజిల్‌బర్న్ డిస్టిలరీల్లో శిక్షణ పొంది, చూసినదంతా నోటుపుస్తకాల్లో బొమ్మలతో సహా రాసుకున్నాడు. 1920లో రీటా కోవన్ అనే స్కాట్లండ్ యువతిని పెళ్లాడి, అదే ఏడు స్వదేశం చేరాడు. మద్యం వ్యాపారి షింజిరో తొరీ యమజాకి కట్టినప్పుడు దాని పని నడిపింది ఇతనే. తొరీ సంస్థే నేటి సన్‌టోరీ. 1934లో బయటికి వచ్చి, ఉత్తరాన హొక్కైడో దీవిలోని యోయిచిలో సొంత సంస్థ పెట్టుకున్నాడు. అదే తర్వాత నికా అయింది. స్వేదన పాత్రల కింద బొగ్గు మంట వేసే పాత పద్ధతిని స్కాట్లండ్ దాదాపుగా వదిలేసినా యోయిచి ఇంకా పాటిస్తూనే ఉంది. గురువు మరచిన పాఠాన్ని శిష్యుడు గుర్తుపెట్టుకున్నాడంటే, ఆ పాఠం ఒక్క నేలకే కట్టుబడి లేదన్నమాట.

మాస్టారు: ఆ శిష్యుడు హొక్కైడో దాకా ఎందుకు వెళ్లాడు, బావగారూ? ఎక్కడైనా చేయగల విద్యే అయితే ఓసాకాలోనే చేసుకోవచ్చు కదా. చలి, సముద్రపు గాలి, దగ్గరలో పీట్ దొరికే నేల, ఇవన్నీ స్కాట్లండ్‌ను పోలి ఉన్నాయని వెతుక్కుంటూ వెళ్లాడు. తొరీ కూడా తోచినచోట కట్టలేదు. కత్సుర, ఉజి, కిజు అనే మూడు నదులు కలిసేచోట, పొగమంచు పట్టే తేమగాలి కోసం, మంచి నీటికి పేరున్న యమజాకిని ఎంచుకున్నాడు. నేల అక్కర్లేదన్న వాదానికి ఆద్యులైన ఇద్దరూ నేల కోసం గాలించినవారే. పైగా 1929లో యమజాకి నుంచి వచ్చిన తొలి విస్కీ షిరోఫుదా స్కాట్లండ్ తరహా పొగవాసనతో ఉంటే జపాన్ జనం నోటికి ఎక్కలేదు. ఉన్నది ఉన్నట్టు తెచ్చిన నేర్పు అక్కడ ఓడిపోయింది. మెత్తగా, పొగ తగ్గించి, భోజనంతో పాటు నీళ్లు కలుపుకుని తాగడానికి వీలుగా మలిచిన 1937 నాటి కకుబిన్ నిలబడింది. నేర్పు ఆ నేల అలవాటుకు తలవంచాక గానీ జపాన్ విస్కీకి తనదైన రుచి రాలేదు.

ఇంజనీరు: తలవంచడం కూడా నేర్పే కదా, బావగారూ. జపాన్ వారి పనిలోని అసలు విశేషం మరొకటుంది. స్కాట్లండ్‌లో బ్లెండెడ్ విస్కీ చేసే సంస్థలు ఒకరి పీపాలు ఒకరు మార్చుకుంటాయి. ఒక డిస్టిలరీ ఒకటే తరహా స్పిరిట్ చేసినా, కలపడానికి కావలసిన మిగతా తరహాలు పొరుగువారి దగ్గర దొరుకుతాయి. జపాన్‌లో పోటీ సంస్థల మధ్య ఆ వాడుక లేకపోవడం వల్ల, ఒకే డిస్టిలరీ పొట్టి మెడ, పొడుగు మెడ స్వేదన పాత్రలు, రకరకాల ఈస్టులు, పొగ పట్టిన మాల్టు, పట్టని మాల్టు, అమెరికా, స్పెయిన్, జపాన్ చెక్కల పీపాలు అన్నీ పెట్టుకుని, ఒకే కప్పు కింద అనేక తరహాల స్పిరిట్ చేయడం నేర్చుకుంది. స్వేదన పాత్ర మెడ పొడుగైతే బరువైన ఆవిర్లు పైదాకా ఎక్కలేక వెనక్కి జారిపోతాయి, స్పిరిట్ తేలికగా ఉంటుంది. మెడ పొట్టిదైతే అవీ దాటి వస్తాయి, స్పిరిట్ బరువుగా, నూనె జిడ్డుతో ఉంటుంది. ఒకే నేల, ఒకే నీరు ఉన్నచోట ఇన్ని రుచులు పుట్టాయంటే తేడా తెచ్చినది పరికరమూ చేయీ కాక మరేమిటి? 2001లో విస్కీ మ్యాగజైన్ నిర్వహించిన పోటీలో పదేళ్ల యోయిచి అగ్రస్థానం పొందడం, 2015 సంవత్సరపు విస్కీ బైబిల్ అనే వార్షిక గ్రంథం యమజాకి షెర్రీ పీపా విస్కీని ప్రపంచంలో ఉత్తమమైనదిగా ఎంచడం ఆ చేతికి దక్కిన గుర్తింపులు.

మాస్టారు: బహుమతులు తీర్పరుల నాలుకల మీద ఆధారపడతాయి కనుక వాటిని ఒక పక్కన పెట్టి, రుచి చూడడం ఎలాగో తేల్చుకుందాం. వాసన ఎక్కువగా పైకి చేరేలా అంచు కొంచెం ముడుచుకుని ఉండే గ్లాసులో పాతిక మిల్లీలీటర్లకు మించకుండా పోయాలి. రంగు చూసి మోసపోకూడదు. స్కాట్లండ్ నిబంధనలు నీటితో పాటు కారమెల్ రంగును కూడా కలపనిస్తాయి కాబట్టి ముదురు రంగు ఎక్కువ వయసుకు గుర్తు కాదు. ముందు గ్లాసును ముక్కుకు కొంచెం దూరంగా పెట్టి, నోరు కాస్త తెరిచి వాసన చూడాలి; నేరుగా ముక్కు పెడితే ఆల్కహాల్ మంట మిగతా వాసనలను కప్పేస్తుంది. ఒక చిన్న గుక్క నాలుకంతా తిప్పి మింగాక, గొంతులో ఎంతసేపు ఏ రుచి నిలిచిందో గమనించాలి. ఆ తర్వాత కొన్ని నీటి చుక్కలు వేసి మళ్లీ మొదటి నుంచి చూడాలి. నీళ్లు వేస్తే వాసన ఎందుకు విచ్చుకుంటుందో 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో వివరించారు: ఆల్కహాల్ శాతం తగ్గినప్పుడు గ్వాయకాల్ వంటి అణువులు ద్రవం లోపల చిక్కుకోకుండా ఉపరితలానికి చేరతాయి, అక్కడి నుంచి ముక్కుకు అందుతాయి.

ఇంజనీరు: ఆ పద్ధతిలోనే పదహారేళ్ల లగవులిన్‌ను, పన్నెండేళ్ల యమజాకిని చూడండి, రెండిట్లోనూ ఆల్కహాల్ 43 శాతమే. లగవులిన్ దగ్గరికి తెచ్చేసరికే పొగ కమ్ముకుంటుంది. ఆ వెనక గాయానికి పూసే అయోడిన్, ఉప్పుగాలి, ఇంకాస్త ఓపిక పడితే షెర్రీ పీపా ఇచ్చిన ఎండుఫలాల తీపి. మింగాక కూడా పొగ గొంతు వదలదు. యమజాకిలో ముందు పీచ్, అనాస వంటి పండ్ల వాసన, ఆపైన లవంగం, వెనిలా, చివర్లో చాలా సన్నగా చందనాన్ని తలపించే పరిమళం. ఆ చివరిది మిజునారా అనే జపాన్ ఓక్ చెక్క చలవ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విదేశీ పీపాలు దొరకక, గత్యంతరం లేక ఆ చెక్క వాడారు. ఆ చెట్టు మెల్లగా పెరుగుతుంది, వంకర తిరుగుతుంది, పీపా చేస్తే కారుతుంది. ముందు పనికిరాదనుకున్న ఆ చెక్కలో విస్కీ ఎక్కువ కాలం ఉంటే అగరు, చందనం వంటి వాసన వస్తుందని తర్వాత గ్రహించి, దాన్ని కారకుండా మలిచే పనితనం సాధించారు. అవాంతరాన్ని గుణంగా మార్చినది నేర్పు.

మాస్టారు: ఆ చెట్టు జపాన్ అడవిలో పెరిగిందని మరచిపోకండి. అయితే మీ పోలికలో అంతకంటే పెద్ద లోపం ఉంది, బావగారూ. పొగ పట్టిన మాల్టును, పొగ అంతగా తెలియని మాల్టును ఎదురెదురుగా పెట్టి, వచ్చిన తేడాను రెండు దేశాల తేడాగా చూపించారు. అది పీట్‌కూ పీట్ లేమికీ ఉన్న తేడా మాత్రమే. స్పేసైడ్‌లోని పన్నెండేళ్ల గ్లెన్‌లివెట్‌ను యమజాకి పక్కన, లగవులిన్‌ను యోయిచి పక్కన పెట్టినప్పుడే దేశాల మాట వస్తుంది. ఆ పైన పేర్లు కప్పిపెట్టాలి. ఇంద్రియ పరీక్షల్లో త్రిభుజ పరీక్ష అనే పద్ధతి ఉంది: మూడు గ్లాసుల్లో రెండిట్లో ఒకే విస్కీ, ఒకదాంట్లో వేరేది పోసి, వేరేది ఏదో చెప్పమంటారు. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక, పలుమార్లు చేసి, అంతకంటే స్పష్టంగా ఎక్కువసార్లు సరిగా చెప్పగలిగితేనే తేడా తెలిసినట్టు లెక్క. నేల పక్షమైనా, నేర్పు పక్షమైనా ఈ పరీక్షకు నిలవని మాట రుచి గురించి చెప్పకూడదు.

ఇంజనీరు: ఆ షరతు న్యాయమైనదే, ఒప్పుకోవలసిందే. అలా చూస్తే పొగలేని రెండిటి మధ్య దూరం చాలామంది అనుకునేదానికంటే తక్కువగా తేలవచ్చు. అది నేర్పు పక్షానికే బలం.

మాస్టారు: దూరం తక్కువ కావడానికి మరో కారణం కూడా చాలాకాలం ఉండేది. స్కాచ్ అని పిలవాలంటే స్కాట్లండ్‌లో పులియబెట్టి, స్వేదనం చేసి, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో అక్కడే కనీసం మూడేళ్లు ఉంచి, 40 శాతానికి తగ్గని ఆల్కహాల్‌తో సీసాలో నింపాలి. జపాన్ చట్టంలో ఇటువంటి కట్టుబాటు లేక, స్కాట్లండ్ నుంచి పీపాలకు పీపాలు తెప్పించుకుని, కలిపి, జపాన్ అక్షరాలు అద్ది జపాన్ విస్కీగా అమ్మినవారున్నారు. అటువంటి సీసాను స్కాచ్ పక్కన పెట్టి రెండు దేశాల రుచులను పోల్చినవాడు తన నాలుకను తప్పుపట్టి లాభం లేదు. అతనికి అందిన మాటే అబద్ధం. అక్కడి మద్యం తయారీదారుల సంఘం 2021 ఫిబ్రవరిలో ప్రమాణాలు ప్రకటించి, పాత సరుకుకు 2024 మార్చి దాకా గడువిచ్చింది. వాటి ప్రకారం మాల్ట్ తప్పనిసరి, నీరు జపాన్‌దే కావాలి, పులియబెట్టడం, స్వేదనం, మూడేళ్ల నిల్వ, సీసాల్లో నింపడం అన్నీ జపాన్‌లోనే జరగాలి. నేర్పు చాలునన్న దేశమే చివరికి నేల పేరుకు గిరి గీసుకుంది.

ఇంజనీరు: ఆ విమర్శలో న్యాయం ఉంది; ఆ ప్రమాణాలు సంఘ సభ్యుల కట్టుబాటే గానీ చట్టం కావన్నది కూడా లోటే. అయితే స్కాట్లండ్ కూడా పుట్టుకతోనే ఈ నిజాయితీ నేర్చుకోలేదు. ఆగకుండా స్వేదనం చేసే యంత్రానికి 1830 ప్రాంతంలో ఈనియస్ కాఫీ పేటెంట్ పొందాక చవకైన గ్రెయిన్ స్పిరిట్ మార్కెట్‌ను ముంచెత్తింది. దాన్ని విస్కీ పేరుతో అమ్మడం మోసమని 1905లో లండన్‌లోని ఇస్లింగ్టన్ అధికారులు కేసు పెట్టారు. దుమారం రాజ విచారణ సంఘం దాకా వెళ్లి, 1909లో ఆ సంఘం రెండు రకాలూ విస్కీయేనని తేల్చింది. కనీస వయసు నియమం వచ్చింది 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో. పేరును కాపాడే కట్టుబాటు తగాదాల్లోంచి, కోర్టుల్లోంచి, వ్యాపారుల బేరసారాల్లోంచి పుట్టింది. అది కూడా మనుషులు నేర్చుకున్న ఒక నేర్పు, నేల ఇచ్చిన వరం కాదు.

మాస్టారు: ఇప్పుడు వాదం మన వాకిట్లోకి వచ్చింది, బావగారూ. మన దేశంలో బ్రాందీ షాపుల్లో విస్కీ పేరుతో అమ్మేదానిలో చాలా భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌తో తయారైనది; మొలాసిస్ అంటే చక్కెర తీయగా మిగిలే నల్లని పాకం. దానికి కొంత మాల్టు విస్కీ, రంగు, సువాసన కలుపుతారు. ఇక్కడి నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి; ఐరోపా దేశాల్లో విస్కీ ధాన్యం నుంచే రావాలి కనుక అక్కడ దాన్ని ఆ పేరుతో అమ్మనివ్వరు. పేర్ల తగాదా మన సుప్రీంకోర్టుకూ ఎక్కింది: బెంగళూరు సంస్థ ఖోడే తన మద్యానికి పెట్టుకున్న పీటర్ స్కాట్ అన్న పేరుపై స్కాచ్ విస్కీ సంఘం వేసిన దావాలో, అభ్యంతరం చెప్పడంలో సంఘం మితిమీరిన జాప్యం చేసిందని 2008లో కోర్టు ఖోడే పక్షాన తీర్పు ఇచ్చింది. ఈ కృష్ణా డెల్టాలో కల్లు గీసిన చెట్టును బట్టి, పూటను బట్టి రుచి చెప్పగలవారున్నారు. అదే మనిషి క్వార్టర్ సీసా ముందు నిలబడితే అందులో ఏముందో అతనికి ఎవరూ చెప్పరు.

ఇంజనీరు: చెప్పకపోవడం ఒక ఎత్తు, అబద్ధం చెప్పడం మరో ఎత్తు. 2025 అక్టోబరులో మన ఇబ్రహీంపట్నంలోనే నకిలీ మద్యం తయారీ బయటపడి రాష్ట్రమంతా గగ్గోలైంది. ఆ తర్వాతనే సీసా మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో పరీక్షించుకునే యాప్‌ను ప్రభుత్వం తెచ్చింది. ఆ కేసులో దోషులెవరో కోర్టులు తేలుస్తాయి. రుచి గురించి వాదించేవారు నేర్చుకోవలసినది వేరే ఉంది. స్కాచ్ సీసా పట్టుకున్నవాడు అది ఐలాదా, స్పేసైడ్‌దా అని మురిసిపోగలగడానికి కారణం, అందులో ఉన్నది విస్కీయేనా అన్న అనుమానం అతనికి రాకపోవడం. ఇక్కడ ఆ మొదటి మెట్టే కదులుతోంది.

మాస్టారు: రసాయన శాస్త్రం ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది. మనం తాగే మద్యంలో ఉండేది ఇథనాల్. కల్తీలో చొరబడగల మిథనాల్ దానికి సోదర పదార్థం. వాసనలో, రుచిలో రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే, రంగు, సువాసన కలిపాక నాలుక వాటిని విడదీయలేదు. శరీరం మిథనాల్‌ను ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీసి చూపు పోగొడుతుంది, ప్రాణం తీస్తుంది. పీచ్ పండు వాసనను, చందనపు ఛాయను పట్టగల ముక్కు ప్రాణాపాయాన్ని పట్టలేదు. అందుకే పేరుకు చట్టం కాపలా కాయడం గొప్పింటి వారి ముచ్చట కాదు. ఆ కాపలా అందరికంటే ఎక్కువ అవసరమైనది రోజు కూలితో క్వార్టర్ కొనుక్కునే మనిషికి.

ఇంజనీరు: ఈ మాట వినే ఆడవారు అడగవలసిన ప్రశ్న మరొకటుంది, బావగారూ. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. తాగుడు వల్ల కూలిన కుటుంబాలు కళ్లెదుట ఉండగా, విస్కీ రుచుల్లో తారతమ్యాలు ఎంచడం తగునా అని వారు నిలదీస్తే ఏమని చెప్పాలి?

మాస్టారు: మద్యం ఏ దేశానిదైనా శరీరానికి హాని చేస్తుందని, రుచి ఎంత గొప్పదైనా ఆ హాని తగ్గదని ముందుగా ఒప్పుకోవాలి. ఆ స్త్రీలు పోరాడినది రోజు కూలి మింగేసే తాగుడు మీద, దాన్ని ఇంటి గుమ్మం దాకా తెచ్చిన వ్యాపారం మీద. పాతిక మిల్లీలీటర్లను గంటసేపు పరిశీలించే పని ఆ తాగుడుకు దూరంగా ఉంటుంది గానీ, దాని పేరు చెప్పి ఆ తాగుడును మెరుగు పెట్టి చూపకూడదు. సీసాలో ఏముందో నిజం రాయమని అడిగే హక్కు మాత్రం తాగేవాడికంటే ముందు అతని ఇంటివారికి ఉంది. ఆ విషయంలో దూబగుంట స్త్రీలూ, స్కాట్లండ్ చట్టమూ ఒకే వైపు నిలబడతాయి.

ఇంజనీరు: అయితే మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మలు చేసే కళాకారుల పూర్వీకులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. నేర్పు ప్రయాణం చేసి వచ్చింది.

మాస్టారు: వచ్చిన నేర్పు కొండపల్లి అడవిలోని తెల్ల పొణికి కర్రను పట్టుకుంది. తేలికగా, మెత్తగా ఉండే ఆ కర్ర దొరక్కపోతే ఆ బొమ్మ ఆ బొమ్మ కాదు. తకెత్సురు నోటుపుస్తకం, మిజునారా చెక్క కలిసిన తీరూ అదే. భౌగోళిక గుర్తింపు చట్టం కొండపల్లి బొమ్మకు రక్షణ ఇచ్చినప్పుడు కర్రనూ చేతినీ విడదీయలేదు.

ఇంజనీరు: బెంగళూరు అమృత్ సంస్థ 2004లో తన సింగిల్ మాల్ట్‌ను స్కాట్లండ్‌లోనే, గ్లాస్గోలో విడుదల చేసింది. అక్కడి చలిలో పీపా నుంచి ఏటా దాదాపు రెండు శాతం ఆవిరైతే, బెంగళూరు వేడిలో పది శాతానికి పైగా పోతుంది. అందువల్ల అది తక్కువ ఏళ్లలోనే పక్వానికి వస్తుంది. అంటే, వయసు అంకెను మాత్రమే చూసి విస్కీల విలువ కట్టడం నేలను మరచిన లెక్క అవుతుంది. ఈ ఒక్క చోట నేల మాట నేర్పు పక్షం కూడా చెప్పుకోవలసిందే.

మాస్టారు: ఆ వేడిని కనిపెట్టి పీపాను సరైన ఏట దించినది మనిషి చేయి కనుక, నేర్పు మాట నేల పక్షమూ చెప్పుకోవలసిందే.

సంవాదం ఇక్కడికి వచ్చేసరికి ఇద్దరి మధ్య మిగిలిన తేడా తూకంలో ఉంది గానీ మూలంలో లేదు: మాస్టారు నేల వాటాను పెద్దదంటాడు, ఇంజనీరు నేర్పు వాటాను పెద్దదంటాడు, రెండూ లేకుండా రుచి లేదని ఇద్దరూ అంటారు. ఆ వాటాలు తేల్చడానికి పేర్లు కప్పిన గ్లాసులు, సజాతీయమైన జోడీలు, ఓపికగల నాలుక చాలు; తేలకపోయినా నష్టం లేదు. కాని ఆ పరీక్ష మొదలుకావాలన్నా సీసా మీది మాట నిజమై ఉండాలి. స్కాట్లండ్ ఆ నిజాన్ని తగాదాల మీదుగా చట్టంలోకి తెచ్చుకుంది, జపాన్ ఆలస్యంగా కట్టుబాటులోకి తెచ్చుకుంది. 2025 జులైలో సంతకాలైన భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం స్కాచ్‌పై అప్పటికి 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకాన్ని ముందు 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది కనుక, ఆ విస్కీలు విజయవాడ షాపుల్లో ఇంకా ఎక్కువగా కనిపించే రోజులు రావచ్చు. ఆ సీసా పక్కన నిలబడే మన సీసా తాను ఏ పదార్థం నుంచి పుట్టిందో, ఎన్నేళ్లు పీపాలో ఉందో, ఎక్కడ నింపారో అచ్చంగా చెప్పాలని, చెప్పినది నిజమో కాదో చూసే అధికారి ప్రతి మండలంలో పనిచేయాలని ఇబ్రహీంపట్నం ప్రజలు అడగవలసి ఉంది.